నర్సు వసంత పెళ్ళి ప్రకటన

మా అక్క పెళ్ళి ఆగిపోబోయిన సంగతి చెబుతాను. ఆపబోయింది పగవాళ్ళు కాదు, పెళ్ళికొడుకు తరఫువాళ్ళూ కాదు. సాక్షాత్తూ నేను. అదీ నా చక్కటి చేతిరాతతో. ఇప్పటికీ మా బంధువుల్లో ఎవరింట్లో శుభలేఖ రాయాల్సివచ్చినా, "కరుణ చేతికి మాత్రం పెన్ను ఇవ్వకండి" అని ముందే ఒకరికొకరు చెప్పుకుంటారు. నాకు వినబడేలాగానే చెప్పుకుంటారు.

ఎనభయ్యో దశకం మధ్యలో మాట. మాది ప్రత్తిపాడు పక్క పల్లె. మా నాన్న చర్చిలో ఉపదేశి. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఏడు ఊళ్ళు చూసుకోవాలి కాబట్టి, ఆయన ఒక ఊళ్ళో ఉన్న ఆదివారం మా నాన్న ఇంకో ఊళ్ళో ఆరాధన జరిపించేవాడు. చర్చిలో చదివే ప్రకటనల చీటీలు రాసే పని నాది. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్నాను. ఇంటర్ తప్పినా అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉండేవి. చూపు మందగించిన అయ్యగారు ఇంకెవరు రాసినా తడుముకునేవారు, నా చీటీ అయితే గడగడా చదివేసేవారు. ఆ నమ్మకమే కొంప ముంచింది.

ఆ రోజుల్లో మా ఊరి ఆడవాళ్ళందరికీ ఒకటే పిచ్చి, వారపత్రికలో వచ్చే ఆస్పత్రి సీరియల్. గురువారం మధ్యాహ్నం గుంటూరు బస్సులో ఒక్క కాపీ వచ్చేది. మిరప కల్లంలో రంగు చెడిన తాలుకాయలు ఏరుతూ పాతికమంది కూర్చుంటే నేను మధ్యలో కూర్చుని పైకి చదివేదాన్ని. కథలో వసంత అని ఒక నర్సు. తండ్రి లేని పిల్ల, ఓర్పు ఎక్కువ, ఎవరేమన్నా పడుతుంది. డాక్టరు మోహన్ ఆమెను ప్రేమిస్తాడు. ప్రతి వారం ఆమె చెయ్యి పట్టుకోబోతాడు, ప్రతి వారం ఎవరో ఒక రోగి అరుస్తాడు. అలా ముప్పై వారాలు నడిచింది.

ఊరంతా డాక్టరు పక్షం. నేనూ, నా స్నేహితురాలు సుగుణా మాత్రం డ్రైవరు పక్షం.

ఏ డ్రైవరు అంటారేమో. అలా అడగడం మీ తప్పు కాదు, సీరియల్ రాసినాయనకే అతను సరిగ్గా గుర్తుండి ఉండడు. పేరు భాస్కర్. అంబులెన్సు నడుపుతాడు. ముప్పై వారాల్లో మూడంటే మూడుసార్లు కనబడ్డాడు. ఒకసారి వానలో వసంతకు తన గొడుగు ఇచ్చి తడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఒకసారి "భోంచేశారా సిస్టర్" అని అడిగాడు. మూడోసారి బండి తుడుస్తున్నాడు. అంతే.

మాకు అది చాలు. ముప్పై వారాల్లో ఆ పిల్లను అన్నం తిన్నావా అని అడిగిన మగాడు అతనొక్కడే కదా అని నేనూ సుగుణా వాదించేవాళ్ళం. అతనికి ఒక ముసలి తల్లిని పెట్టాం. రెండు గదుల ఇల్లు ఇచ్చాం. వసంతకు రాత్రి డ్యూటీ ఉన్నప్పుడు అతనే వంట చేస్తాడని తీర్మానించాం. పుట్టబోయే పిల్లల పేర్ల దగ్గర మాత్రం నాకూ సుగుణకూ రెండు రోజులు మాటల్లేవు.

"ఒసే, కట్టుకుంటే డాక్టర్ని కట్టుకోవాలిగానీ డ్రైవర్నేంటే" అనేది మరియమ్మత్త, కాయలు ఏరుతూనే.

"డాక్టరు ఒక్కసారైనా ఆమె తిన్నదా లేదా అడిగాడా అత్తా?"

"డాక్టరు పెళ్ళాం తినకుండా ఎందుకుంటదే? అడిగేదేముంది అందులో?"

ఈ మాటకు ఉక్రోషంతో తర్వాతి పేరా ఇంకా గట్టిగా చదివేదాన్ని.

ఇంతలో మా శాంతక్కకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు దానియేలు, మిలిటరీలో జవాను, నల్లపాడు వాళ్ళబ్బాయి. సెలవు మీద వచ్చాడు. మా చర్చిలో ఒక కట్టడి ఉంది. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు సంఘం ఎదుట పెళ్ళి ప్రకటన చదవాలి. ఫలానావారి అమ్మాయికీ ఫలానావారి అబ్బాయికీ పెళ్ళి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి అని. మూడుసార్లు చదివితేనే పెళ్ళి. ఒక్కటి తగ్గినా అయ్యగారు చెయ్యరు. అక్కవి రెండు అయిపోయాయి. మూడోది ఆ ఆదివారం, పెళ్ళి మంగళవారం. బుధవారం నుంచి లెంటు, అంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలం. లెంటులో మా చర్చిలో పెళ్ళిళ్ళు చెయ్యరు. శనివారానికల్లా దానియేలు బావ రైలెక్కాలి. మళ్ళీ సెలవు ఎప్పుడంటే ఏడాది తర్వాత, అదీ ఇస్తే. కాబట్టి ఆ ఆదివారం ఆ చీటీ చదవడం మీదే మా అక్క పెళ్ళి ఆధారపడి ఉంది. ఈ సంగతి ఊళ్ళో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు, చీటీ రాసింది నేనే కాబట్టి.

శనివారం సాయంత్రం అక్క చీటీ పొందికగా రాశాను. రాశాక చేతిలో ఇంకో తెల్లకాగితం మిగిలింది. నాలాంటి దాని దగ్గర తెల్లకాగితం మిగలకూడదు. అప్పటికి రెండు రోజుల కిందటే, గురువారం సంచికలో, డాక్టరు మోహన్ వసంతకు ఉంగరం చూపించాడు. నా కడుపు మండిపోయి ఉంది. అదే చేతిరాతతో, అదే చర్చి భాషలో ఇంకో చీటీ రాశాను.

"సంఘస్థులందరికీ తెలియజేయునదేమనగా, స్వర్గీయ పరిశుద్ధంగారి ఏకైక కుమార్తెయగు కుమారి వసంతకును, శ్రీమతి సంతోషమ్మగారి కుమారుడగు భాస్కర్‌కును వివాహము జరుప నిశ్చయింపబడినది. ఇది మొదటి ప్రకటన."

తండ్రి పేరూ తల్లి పేరూ మేం పెట్టినవే. మర్నాడు చర్చిలో సుగుణ చేతికిచ్చి నవ్వించాలని నా ఆలోచన. రెండు చీటీలూ ఒకేలా మడిచి పాటల పుస్తకంలో పెట్టుకున్నాను.

పెళ్ళివారు మధ్యాహ్నానికి వస్తున్నారని ఆదివారం అమ్మా అక్కా వంటలో ఉండిపోయారు. నాన్న పక్క ఊరి ఆరాధనకు వెళ్ళాడు. మా ఇంటి తరఫున చర్చికి వెళ్ళింది నేనొక్కదాన్నే. గుమ్మం దగ్గర అయ్యగారికి ఒక చీటీ ఇచ్చాను. పాటల బృందంలో కూర్చున్న సుగుణకు ఒక చీటీ ఇచ్చాను. ఏది ఎవరికి ఇచ్చానో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకు మాత్రం అప్పుడు కాలేదు.

సుగుణ చీటీ విప్పి చదివింది. నావైపు చూసి, ఇందులో నవ్వాల్సిందేముంది అన్నట్టు కనుబొమ్మలెగరేసింది. సరిగ్గా అప్పుడే అయ్యగారు కళ్ళద్దాలు సర్దుకుని మొదలుపెట్టారు.

"స్వర్గీయ పరిశుద్ధంగారి ఏకైక కుమార్తెయగు కుమారి వసంతకును..."

సుగుణ చేతిలో ఉన్నది అక్క చీటీ అని నాకు అప్పుడర్థమైంది. అయ్యగారికి సీరియల్ సంగతి తెలియదు. ఏడు ఊళ్ళ సంఘంలో ఏ ఊరి వసంతో, ఏ ఊరి భాస్కరో అనుకుని నిండుగా, గంభీరంగా చదివారు. చివర రివాజు ప్రకారం, "ఈ వివాహమునకు న్యాయమైన అడ్డు ఎవరికైనను తెలిసినయెడల ఇప్పుడే తెలియజేయవలెను" అని తలెత్తారు.

ఆ ప్రశ్న ఆయన ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నారు. ఎవరూ ఎప్పుడూ లేవలేదు. ఆ రోజు యోహాను తాత లేచాడు.

యోహాను తాత సంఘ పెద్ద. డెబ్భై దాటినాయన. చదువు రాదు, కానీ గురువారం గురువారం కల్లం గట్టు మీద కూర్చుని నా చదువు మొత్తం వినేవాడు. డాక్టరు పక్షానికి నాయకుడు ఆయనే.

"నాకు అభ్యంతరం ఉందయ్యగారూ" అన్నాడు నెమ్మదిగా.

చర్చి మొత్తం వెనక్కి తిరిగింది.

"ఏమిటది, చెప్పండి" అన్నారు అయ్యగారు.

"ఆ పిల్ల డాక్టరుగారికి మాటిచ్చింది. మొన్న ఉంగరం కూడా చూపించాడు. ఇప్పుడు ఇంకోడితో ప్రకటనేంటి? న్యాయం కాదు."

"మాటెక్కడిచ్చింది తాతా? ఉంగరం ఆయన చూపించాడు, ఆమె తీసుకోలా" అంది ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో. మా పక్షంలో ఇంకొకరున్నారని నాకు అప్పుడే తెలిసింది. సంతోషించే స్థితిలో మాత్రం లేను.

"తీసుకోకపోతే వద్దనాలిగా?" అంది మరియమ్మత్త.

"వద్దనేలోపల రోగి అరిచాడుగా?"

అయ్యగారు ఈ వైపూ ఆ వైపూ చూశారు. వసంత ఏ ఊరు, ఆ డాక్టరెవరు అని అడిగితే పదిమంది పది రకాలుగా చెప్పారు. ఆయన విసిగిపోయి, "ఈ విషయం సంఘ పెద్దలతో తర్వాత విచారిస్తాను" అన్నారు. తర్వాత బైబిలు పేజీలు తిప్పి, పుస్తకం దులిపి, "శాంత మూడో ప్రకటన చీటీ రాలేదేం?" అన్నారు.

అప్పుడు లేచి, పొరపాటైంది అయ్యగారూ, చీటీ అదిగో సుగుణ దగ్గరుంది అంటే రెండు నిమిషాల్లో పోయేది. లేవలేదు. సిగ్గుతో పాటల పుస్తకంలో తల దూర్చాను. సుగుణ ఆ చీటీని భయంతో చేతిలో నలుపుతోంది. మా ఇంటివాళ్ళే ఏ కారణం చేతనో చీటీ పంపలేదనుకుని అయ్యగారు దీవెన చెప్పేశారు. దీవెన అయితే ఆరాధన అయిపోయినట్టే. జనం గుమ్మం దాటి ఎవరి కల్లానికి వాళ్ళు వెళ్ళిపోయారు. దారి పొడుగునా ఉంగరం గురించే మాట్లాడుకున్నారు.

ఇంటికి వెళ్ళేసరికి అక్క కోడికూర కలుపుతోంది.

"చదివారా?" అంది తిరక్కుండానే.

"చదివారు."

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?" ఊరికే నవ్వుతూ అడిగింది.

"యోహాను తాత అభ్యంతరం చెప్పాడు."

గరిటె ఆగిపోయింది. "నా పెళ్ళికా?"

"నీ పెళ్ళికి కాదు. వసంత పెళ్ళికి."

"ఏ వసంత?"

"నర్సు వసంత."

అక్క నావైపు తిరిగింది. "ఎవరితో పెళ్ళి?"

"భాస్కర్‌తో."

"ఆ డ్రైవరా? డాక్టరుండగా డ్రైవరేంటే" అంది. నిజంగా అంది, ప్రమాణం చేసి చెబుతున్నాను. మా అక్క కూడా డాక్టరు పక్షమే. ఆ తర్వాత గరిటె కింద పెట్టి, మెల్లగా, "మరి నాది?" అని అడిగింది.

"చదవలేదక్కా, చీటీలు మారిపోయాయి" అన్నాను. అక్క తిట్టలేదు, కొట్టలేదు. పొయ్యి పక్కన పీట మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడ్చి, "ఏడాదంటే మాటలా కరుణా? ఆయన్ని ఏ సరిహద్దుకు పంపుతారో ఏమో" అంది. ఆ ఒక్క మాటకు నేను చచ్చిపోతే బాగుండుననిపించింది. తిడితే ఎంతో సుఖంగా ఉండేది.

చెప్పులు కూడా వేసుకోకుండా అయ్యగారింటికి పరుగెత్తాను. ఆయన భోజనానికి కూర్చోబోతున్నారు. ఉన్నదంతా చెప్పాను. ఏడుస్తూ చెప్పాను కాబట్టి రెండుసార్లు చెప్పాల్సివచ్చింది.

"అయితే ఆ వసంత లేనే లేదా?" అన్నారు.

"లేదండీ."

"ఆ భాస్కరు?"

"ఆయన సీరియల్లో కూడా సరిగ్గా లేడండీ."

అయ్యగారు మజ్జిగ గ్లాసు పక్కకు జరిపారు. "ఇన్నేళ్ళ సేవలో లేనివాళ్ళకు ఎప్పుడూ ప్రకటన చదవలేదమ్మాయ్" అన్నారు. కోపంగా కాదు, బాధగా. అది ఇంకా ఘోరం.

"అక్క చీటీ ఇప్పుడు చదవండయ్యగారూ. ఆదివారం ఇంకా అయిపోలేదు కదండీ."

"ఎవరికి చదవను? నీకూ నాకూనా? సంఘం వినాలి. పొద్దున్న తప్పు విన్నవాళ్ళే ఇప్పుడు ఒప్పు వినాలి. నాలుగింటికి గంట కొట్టిస్తాను. అయిదింటికి నేను పక్క ఊరికి బయల్దేరాలి. ఈలోపల వాళ్ళను పోగుచేసుకురా. నువ్వే వెళ్ళు, నువ్వే చెప్పు."

వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం ఎండలో కల్లం తర్వాత కల్లం తిరిగాను. కిందా పైనా మంట, చుట్టూ ఎర్రగా ఆరబోసిన కాయలు, ఘాటుకు తుమ్ములు. ప్రతి చోటా నిలబడి, తుమ్ముకుంటూ, నా తప్పు నేనే చెప్పుకున్నాను. జనం మంచివాళ్ళు, మేం రాం అని ఎవరూ అనలేదు. కాకపోతే ప్రతివాళ్ళకూ ఒక ప్రశ్న.

"వస్తాంలేవే, శాంత పెళ్ళికి రాకుండా ఉంటామా. అది సరేగానీ, ఆ డ్రైవరు తల్లి పేరు సంతోషమ్మని నీకెట్టా తెలుసు?" అంది మరియమ్మత్త.

"నేనే పెట్టానత్తా."

"మంచామేనా?"

"మంచామే."

"అత్తగారు మంచిదైతే ఆలోచించొచ్చు" అని, కాయల గుట్ట మీద గోనెపట్టా కప్పి లేచింది.

అందరూ ఒప్పుకున్నారు. యోహాను తాత ఒక్కడే మంచం దిగలేదు. సంఘ పెద్ద లేకుండా సంఘం కూడినట్టు కాదు.

"నువ్వు రాసింది ఉత్తదేనంటావు" అన్నాడు.

"ఉత్తదే తాతా."

"అయితే ఆ డ్రైవర్ని వెనక్కి తీసుకో. నాకు చెబితే కాదు, సంఘం ముందు చెప్పు. అప్పుడొస్తా."

చూడండి, ముప్పై వారాలు కళ్ళలో పెట్టుకుని పెంచిన జంట. రెండు గదుల ఇల్లు, ముసలి తల్లి, పేర్లు పెట్టేసిన పిల్లలు. మీకు నవ్వులాటగా ఉంటుందిగానీ నాకు నిజంగానే వదులుకోబుద్ధి కాలేదు. కానీ పీట మీద కూర్చున్న మా అక్క కళ్ళముందు కదిలింది. "సరే తాతా" అన్నాను.

నాలుగింటికి గంట మోగింది. పొద్దుటికంటే ఎక్కువమంది వచ్చారు. ఎవరి పెళ్ళో చూద్దామని పక్క కల్లాలవాళ్ళు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అప్పటికి పెళ్ళివారు దిగారు. సుగుణ నలిగిన చీటీని ఒళ్ళో పెట్టుకుని అరచేత్తో సాపు చేసి అయ్యగారికిచ్చింది. ఆయన అది వెంటనే చదవలేదు.

"ముందు ఆ ఇద్దరూ లేచి నిలబడండి. నేను కళ్ళారా చూసి చదువుతాను" అన్నారు.

అక్క తల వంచుకుని నిలబడింది. దానియేలు బావ మాత్రం పెరేడ్లో పేరు పిలిచినట్టు బిగదీసుకుని నిలబడ్డాడు. అయ్యగారు అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, తృప్తిపడి, మూడో ప్రకటన చదివారు. అభ్యంతరం ఎవరికైనా ఉందా అని అడిగి, అలవాటు లేని చోట ఆగి, యోహాను తాత వైపు చూశారు.

తాత లేచాడు. అక్క పక్కనే కూర్చున్న నా భుజం పట్టుకుంది.

"శాంత పెళ్ళికి నాకేం అడ్డం లేదయ్యగారూ. ఆ రెండోది తేల్చమనండి."

అప్పుడు నేను లేచాను. పొద్దున్న రాని మాట ఇప్పుడు వచ్చింది. "వసంతకూ భాస్కర్‌కూ మధ్య ఏమీ లేదండీ. అతను గొడుగు ఒక్కటే ఇచ్చాడు. మిగిలిందంతా నేను కల్పించాను" అని అందరి ముందూ చెప్పి కూర్చున్నాను. వెనక నుంచి మరియమ్మత్త, "పాపం ఆ తల్లి" అని నిట్టూర్చింది.

మంగళవారం మా అక్క పెళ్ళి జరిగింది. పెళ్ళిలో అక్క నన్ను దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంది. క్షమించిందో, ఊరు వదిలి వెళ్ళిపోతున్నందుకో తెలియదుగానీ నేను మాత్రం వెక్కివెక్కి ఏడ్చాను.

గురువారం బస్సులో వారపత్రిక వచ్చింది. సీరియల్ ఆఖరి భాగం. కల్లంలో చుట్టూ జనం, గట్టు మీద యోహాను తాత. చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీలో డాక్టరు మోహన్‌కు మద్రాసులో ఒక భార్య, ఒక కొడుకూ బయటపడ్డారు. మూడో పేజీలో వసంత వానలో ఏడుస్తూ నిలబడింది. ఒక గొడుగు వచ్చింది. నాలుగో పేజీలో, రెండే రెండు పేరాల్లో, రాసినాయన ఆమెను భాస్కర్‌కిచ్చి పెళ్ళి చేసేశాడు.

నేను చదవడం ఆపాను. ఎవరూ కాయ ముట్టుకోవడం లేదు. యోహాను తాత లేచి, కర్ర తీసుకుని చర్చి వైపు వెళ్ళాడు. అరగంటకల్లా అయ్యగారు సైకిలు మీద వచ్చి, కల్లం గట్టున కాలు ఆన్చి నిలబడ్డారు.

"యోహానుగారు అభ్యంతరం వెనక్కి తీసుకున్నారమ్మాయ్" అన్నారు. "మొదటి ప్రకటన ఎలాగూ అయిపోయింది. మిగిలిన రెండూ లెంటు అయ్యాక చదువుదామా?"

ఆ పూట కల్లంలో నవ్వని మనిషి లేదు, నేను తప్ప. ఆ మిరపకాయల సాక్షిగా నేనొక ఒట్టు పెట్టుకున్నాను. కథల్లో మనుషులకు జన్మలో సంబంధాలు చూడను. ఒకవేళ చూసినా మనసులోనే చూస్తాను. మనసులో పట్టక కాగితం మీద పెట్టినా, శనివారం నాడు మాత్రం పెట్టను.